బాపు, ఆనపకాయ బుర్రలు

అరవై తొమ్మిదిలో ప్రత్యేక రాష్ట్ర ఉద్యమం వేడెక్కి మా బడి మూతపడింది. కేసముద్రంలో మా బాపుది ధాన్యం దుకాణం. స్టేషన్ దగ్గర రోజూ ఏదో ఒక గలాటా. నేను ఊరేగింపుల వెంట పరుగెత్తుతానని భయపడి, బాపు నన్ను బయ్యారంలో మేనత్త ఇంట్లో దించాడు.

వెళ్తూ వెళ్తూ అత్తతో ఒక్కటే మాట చెప్పాడు. "అక్కా, ఏమన్న చెయ్యనియ్యి గని, పిల్లను చెరువు దిక్కు పోనియ్యకు."

నీళ్ళంటే బాపుకు అంత భయం. బావిలోకి తొంగి కూడా చూసేవాడు కాదు.

అత్త బుద్ధిగా తలూపింది. మరునాడే నన్ను చెరువుకు తీసుకుపోయింది. "చెరువున్న ఊర్ల ఈత రాకుంటె ఎట్లనే?" అని పైగా నన్నే దబాయించింది. చుట్టూ గుట్టలు, మధ్యలో ఆ చివర కనబడనన్ని నీళ్ళు.

నేను మునగకుండా అత్త ఎండిన ఆనపకాయ బుర్రలు రెండు నా వీపుకు పాత చీర అంచుతో కట్టేది. తూము దిక్కు పోవద్దు, అక్కడ అడుగున నీళ్ళు లాగుతాయి. అన్నం తిన్న వెంటనే దిగొద్దు. ఎవరైనా మునుగుతుంటే దగ్గరికి పోవద్దు, బుర్ర అందించాలి. ఇవన్నీ అప్పజెప్పనిదే నీళ్ళు తాకనిచ్చేది కాదు. మా బడిలో ఏ పంతులూ అంత చండశాసనుడు కాడు. అయినా ఆమె అంటే నాకు ప్రాణం.

ఒకరోజు నా వీపు మీది బుర్రలు విప్పి పక్కన నీళ్ళలో వదిలింది. తను రొమ్ము లోతులో నిలబడి, "ఇగ నీ రెక్కలతోనే రా" అంది. నేను ఊపిరి బిగబట్టి, నీటి అడుగునుంచి ఆమె వైపు ఈదాను.

సరిగ్గా అప్పుడే బాపు కట్ట ఎక్కాడు. నన్ను చూడకుండా ఉండలేక, చెప్పాపెట్టకుండా వచ్చి, ఇంట్లో మేము కనబడకపోయేసరికి ఇటు నడిచాడట. నీళ్ళ మీద బుర్రలు తేలుతున్నాయి. వాటి మధ్య ఒక పిల్ల ఉండాలని మా వైపు ఎవరికైనా తెలుసు. పిల్ల లేదు.

నేను అత్త చెయ్యి పట్టుకొని తల పైకెత్తేసరికి దభీమని చప్పుడు. ధోతి, చొక్కా, చెప్పులతో సహా బాపు నీళ్ళలో ఉన్నాడు. మునుగుతున్నాడు, తేలుతున్నాడు, తేలినప్పుడల్లా "బిడ్డా" అని అరుస్తున్నాడు. నేను అటు కదలబోతే అత్త నా జడ పట్టి ఆపింది.

"దగ్గరికి పోవద్దన్ననా? బుర్రలు నూకు!"

బలమంతా పెట్టి నూకాను. బాపు వాటిని వాటేసుకున్నాడు. బుర్రలకున్న పాత చీర అంచును అత్త దొరకబుచ్చుకొని ఆయన్ని ఒడ్డుకు లాగింది.

బాపు దగ్గుతూ కూర్చున్నాడు. ఇక నా ఈతకు ఇదే ఆఖరనీ, ఇంటికి లాక్కుపోతాడనీ నాకు ఏడుపొచ్చింది. అత్త మాత్రం ఆయన మీదికే లేచింది. "ఈత రానోనివి, ఎందుకు దుంకినవ్ రా?"

బాపు నన్ను దగ్గరికి లాక్కున్నాడు. "ఈత రాదన్న సంగతి యాదికి రాలే అక్కా" అన్నాడు.

ఆ తర్వాత నా ఈతకు అడ్డు చెప్పలేదు. ఎండాకాలం సెలవుల్లో తనూ బయ్యారం వచ్చేవాడు. ఈత నేర్చుకోలేదు. వీపుకు బుర్రలు కట్టించుకొని, మోకాలి లోతు నీళ్ళలో నిలబడి, నేను ఒడ్డెక్కేదాకా కదిలేవాడు కాదు.