మార్తమ్మ ఎర్ర కాంటెస్సా

వట్లూరు స్టేషను వెనక వీధిలో మార్తమ్మ ఇరవై రెండేళ్ళపాటు జాకెట్లు కుట్టింది. ఆమె భర్త విశ్వాసం కారు తోలేవాడు. వాళ్ళ ఇల్లు రెండు గదులదే గానీ, ఇంటి ముందు నిలిపే బండి మాత్రం వీధిలో సగం ఆక్రమించేది. ముదురు ఎరుపు కాంటెస్సా కారు. నాలుగు హెడ్‌లైట్లు, మంచమంత బానెట్టు. స్టార్టు చేస్తే పక్కింటి అలమరలో గ్లాసులు గలగలమనేవి.

తాడేపల్లిగూడెంలో రైసుమిల్లు నడిపిన నరసరాజుగారు మోజుపడి కొనుక్కున్న బండి అది. విశ్వాసం పద్నాలుగేళ్ళు ఆయన దగ్గర డ్రైవరుగా ఉన్నాడు. 2001లో రాజుగారు మిల్లు చాలించుకున్నప్పుడు మిగతా బండ్లన్నీ అమ్మేసి, దీని తాళాలు మాత్రం విశ్వాసం చేతిలో పెట్టారు. వేరేవాళ్ళ చేతిలో పడితే ఇది బతకదురా అన్నారట. అప్పటినుంచి అది పెళ్ళిళ్ళ బండి అయింది. కొల్లేటి లంకల్లోనూ, కైకలూరు, మండవల్లి పక్కనా చాలామంది పెళ్ళికూతుళ్ళు అందులోనే అత్తారింటికి వెళ్ళారు. మనుషులు ముహూర్తం పెట్టుకున్నాక ముందు విశ్వాసానికే ఫోను చేసేవారు.

ఆదివారం చర్చికి వెళ్ళేముందు విశ్వాసం తను స్నానం చెయ్యకముందే బండికి చేయించేవాడు. మార్తమ్మ దాన్ని సవతి అనేది. నవ్వుతూనే అనేది, కానీ ఆ మాటలో కొంచెం నిజం లేకపోలేదు. అన్నేళ్ళలో ఆమె ఆ బండెక్కింది నాలుగైదుసార్లే, అదీ వెనక సీట్లో.

2006 ఆగస్టులో ఒక మధ్యాహ్నం విశ్వాసం పెళ్ళికూతురిని దించి, ఖాళీ బండితో ఏలూరు వస్తున్నాడు. అప్పుడే జల్లు పడి వెలిసింది. కైకలూరు రోడ్డు సంగతి తెలిసినవాళ్ళకి చెప్పక్కర్లేదు. చేపల లారీల నుంచి కారే ఐసునీళ్ళ మీద నాలుగు చినుకులు పడ్డాయంటే సబ్బు రాసినట్టే. ఎదురుగా వస్తున్న లారీ, అడ్డమొచ్చిన గేదెను తప్పించబోయి జారి, రోడ్డుకు అడ్డం తిరిగింది. ఎడమపక్క చెరువు, కుడిపక్క కాలువ. విశ్వాసానికి తిప్పుకోవడానికి చోటు లేకపోయింది. కాంటెస్సా ముక్కు లారీ కింద దూరి, డ్రైవరు ముందున్న అద్దం దాకా నలిగిపోయింది.

ప్రాణం దక్కింది. ఎడమ మోకాలు మాత్రం మూడు ముక్కలైంది. నలభై రోజులు ఆసుపత్రిలో ఉంచి, లోపల ఇనప ప్లేటు వేసి పంపించారు. కాలు సగమే వంగుతుందని డాక్టరు ముందే చెప్పేశాడు. అది క్లచ్చు తొక్కే కాలు.

ఇంటికొచ్చాక విశ్వాసం బండి మాట ఎత్తలేదు. శనివారపుపేటలో పైడిరాజు టింకరింగ్ షెడ్డులో దాన్ని పడేశారని తెలుసు, చూడ్డానికి వెళ్ళలేదు. మంచం మీద గోడవైపు తిరిగి పడుకునేవాడు. గడ్డం పెరిగిపోయింది. ఎవరైనా పలకరించడానికొస్తే నిద్రపోతున్నట్టు కళ్ళు మూసుకునేవాడు. ఒకరోజు పైడిరాజు కబురు పంపాడు, తుక్కు కొనేవాడు వచ్చాడు, ఏం చెయ్యమంటారని. విశ్వాసం తల తిప్పకుండానే ఇచ్చెయ్యమన్నాడు.

ఆ మాట చెప్పడానికే మార్తమ్మ షెడ్డుకు వెళ్ళింది. యాక్సిడెంటు తర్వాత ఆమె బండిని చూడడం అదే మొదటిసారి. ముందు భాగం పిడికిట్లో నలిపిన కాగితంలా ఉంది. తలుపుల దగ్గర్నుంచి వెనక్కి మాత్రం చిన్న గీత కూడా లేదు. వెనక సీటు మూల ఎండిపోయిన కనకాంబరాల మాల ఒకటి ఇంకా పడి ఉంది. తుక్కు వ్యాపారి ఇనుము దళసరి ఎంతుందో చూడ్డానికి చేతిలో గునపంతో వెనక తలుపు మీద గట్టిగా ఒక్కటి కొట్టాడు. ఎర్రరంగు పెచ్చు లేచింది.

"చెయ్యి తియ్యండి," అంది మార్తమ్మ. "ఇది అమ్మటంలేదు."

ఎందుకలా అందో ఆమెకే తెలియదు. వ్యాపారి పైడిరాజు వంక చూశాడు. పైడిరాజు మార్తమ్మను పక్కకు పిలిచి నెమ్మదిగా చెప్పాడు. ఇంజను బతికే ఉంది, వెనక భాగం బంగారం. ముందు సగం ఇంకో కాంటెస్సాది దొరికితే కోసి అతికించగలడు. కానీ ఆ బండ్లు తయారుచెయ్యడమే మానేసి నాలుగేళ్ళవుతోంది. ఎక్కడని తెస్తారు?

"దొరికేదాకా ఇక్కడ ఉంచుతారా అండి?" అని మాత్రమే అడిగింది ఆమె. పైడిరాజు షెడ్డు వెనక చోటు చూపించి, ఉంచుతానన్నాడు.

అక్కడినుంచి మొదలైంది వేట. తాడేపల్లిగూడెంలో పాత సామాన్ల కొట్లు, భీమవరంలో షెడ్లు, ఏలూరులో తెలిసిన మెకానిక్కులు, ఒక్కటీ వదల్లేదు. పొద్దున కుట్టుపని ముగించుకుని, మధ్యాహ్నం బస్సెక్కేది. అంబాసిడర్లు కుప్పలుగా కనిపించేవి. కాంటెస్సా అంటే నవ్వేవారు. ఒకాయన అయితే, ఇంట్లో మగాళ్ళు లేరా అమ్మా, మీరు తిరుగుతున్నారు అన్నాడు. ఉన్నారండి, కాలు విరిగింది అని చెప్పి పక్క కొట్లోకి వెళ్ళింది. సాయంత్రం వచ్చి భర్తకు అన్నం పెట్టేది. ఎక్కడికెళ్ళావని అతను అడిగేవాడు కాదు, ఆమె చెప్పేది కాదు. జాకెట్టు కుట్టించుకోడానికొచ్చిన ప్రతి మనిషితోనూ మాత్రం చెప్పి పంపేది, ఎక్కడైనా పాత కాంటెస్సా కనపడితే నాకు కబురు చెయ్యండమ్మా అని.

క్రిస్మస్ వెళ్ళాక, జనవరిలో హారిక వచ్చింది. వట్లూరు పిల్లే, మూడేళ్ళ క్రితం ఎర్ర కాంటెస్సాలోనే మండవల్లి కాపరానికి వెళ్ళింది. పుట్టింటికి వచ్చి జాకెట్టు కొలతలిస్తూ అంది, మా అత్తగారింట్లో ఒకటుంది ఆంటీ, తెల్లది, చెరువు దగ్గర షెడ్డులో. మామయ్యగారిది. ఆయన పోయాక దాన్ని ఎవరూ ముట్టుకోలేదు. అడిగితే అత్తయ్యగారు ఇవ్వరు, ఎందరో అడిగి చూశారు.

మర్నాడే మార్తమ్మ మండవల్లి బస్సెక్కింది.

హారిక అత్తగారు కామేశ్వరిగారికి అరవై దాటి ఉంటాయి. సన్నటి మనిషి, మాట మెత్తన. భర్త కృష్ణబాబుగారు చేపల చెరువులు చేసేవారు. కొల్లేట్లో ఆక్రమణలని సర్కారు చెరువుగట్లు తెగగొట్టించిన ఆ ఏడే ఆయన గుండె ఆగి పోయారు. మిగిలిన రెండు చెరువులూ కొడుకు చూసుకుంటున్నాడు. మార్తమ్మ వచ్చిన పని విని కామేశ్వరిగారు లేచి, చెరువు గట్టు మీదుగా షెడ్డు దాకా తీసుకెళ్ళారు. తవుడు బస్తాల మధ్య తెల్ల కాంటెస్సా నిలబడి ఉంది. టైర్లు నేలకు అంటుకుపోయాయి. వెనక తలుపు ఒకటే తీసి ఉంది, ఆ సీటు ఒక్కటే శుభ్రంగా తుడిచి ఉంది.

"మధ్యాహ్నంపూట వచ్చి కాసేపు కూర్చుంటాను ఇక్కడ," అన్నారు కామేశ్వరిగారు. "ఆయన తోలుతుంటే నేను వెనకే కూర్చునేదాన్ని. ముందు కూర్చుంటే నాకు భయం."

మార్తమ్మ బతిమాలడానికని సిద్ధం చేసుకొచ్చిన మాటలన్నీ మర్చిపోయింది. "మా బండికి తలుపుల వెనకంతా బాగుందమ్మగారూ," అంది. "మాకు ముందు భాగమే కావాలి. మీరు కూర్చునే సీటు మాకొద్దు. అది ఇక్కడే ఉంటుంది."

కామేశ్వరిగారు ఆమె వంక కొత్తగా చూశారు. అంతవరకు అడిగినవాళ్ళంతా బండి మొత్తం అడిగారు.

"మీ ఆయనకి కాలు వంగదంటున్నావు. బాగుచేసి ఎవరు తోల్తారు?"

"నేను తోల్తానండి."

మార్తమ్మ నోట్లోంచి ఆ మాట వచ్చేసింది. అప్పటిదాకా ఆమె స్టీరింగు పట్టుకుని ఎరగదు. సైకిలు కూడా రాదు. కానీ అన్నమాట వెనక్కి తీసుకోవాలనిపించలేదు. కామేశ్వరిగారు, ఎప్పుడు పంపిస్తావు మీ మనిషిని అని అడిగారు.

వారం తిరక్కుండా పైడిరాజు గ్యాసు కట్టరు పట్టుకుని వెళ్ళి, తెల్లబండిని ముందు తలుపుల దగ్గర రెండుగా కోశాడు. ముందు సగం ట్రాక్టరు ట్రక్కులో ఏలూరు వచ్చింది. వెనక సగానికి కింద ఇటుకలు పేర్చి, కోసిన అంచులకు రేకు మడత పెట్టి, చెయ్యి గీరుకోకుండా చేసి వచ్చాడు. ఆవిడ అప్పుడే అందులో కూర్చున్నారండి, టీ కూడా అక్కడే ఇచ్చారు అని చెప్పాడు.

ఆ సోమవారం మార్తమ్మ డ్రైవింగు స్కూల్లో చేరింది. నలభై నాలుగేళ్ళ మనిషి ఎల్ బోర్డు కట్టిన చిన్న మారుతిలో వీధిలోంచి వెళ్తుంటే అరుగుల మీద ఆడవాళ్ళు కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నారు. తాడేపల్లిగూడెంలో ఉన్న కూతురు క్యాథరిన్ ఫోనులో కోప్పడింది. నాన్నకి అలా అయింది చాలదా, ఇప్పుడు నువ్వా అని ఏడ్చింది. మార్తమ్మ అంతా విని, భయం నాకూ ఉందే, కానీ చెప్పేశాను అంది. మొదటి వారం బండి ప్రతి మలుపులోనూ ఆగిపోయింది. స్కూలాయన విసుక్కునేవాడు. మిషను తొక్కిన కాలికి నెమ్మదిగా వదలడం తెలుసు. చేతికీ కాలికీ పొత్తు కుదరడానికే నెల పట్టింది.

ఒక సాయంత్రం ఆమె ఇంట్లోకి వచ్చేసరికి విశ్వాసం మంచం మీద లేచి కూర్చుని ఉన్నాడు.

"మలుపు తిరిగాక సెకండు గేరు లేటుగా వేస్తున్నావు," అన్నాడు. "ఇంజను ఏడుస్తోంది. ఇక్కడికి వినపడుతోంది."

తుక్కుకి ఇచ్చెయ్యమన్నాక బండ్ల గురించి అతను ఆడిన మొదటి మాట అది. మార్తమ్మ కొంగుతో మొహం తుడుచుకుని, ఎప్పుడు వెయ్యాలో చెప్పండి మరి అంది. చెప్పాడు. కంచాన్ని స్టీరింగు చేసి, గరిటెను గేరు రాడ్డు చేసి చూపించాడు కూడా. బండి అమ్మలేదనీ, ముందు సగం దొరికిందనీ మార్తమ్మ అప్పుడే చెప్పింది. అన్నం చల్లారిపోయింది.

మర్నాడు గడ్డం గీయించుకుని, చంకకర్ర వేసుకుని, ఆటోలో షెడ్డుకు వెళ్ళాడు. తెల్ల ముక్కు, ఎర్ర ఒళ్ళుతో బండి అక్కడ నిలబడి ఉంటే చూసి, పక్కనున్న స్టూలు మీద కూలబడ్డాడు. కాసేపు చేతుల్లో మొహం దాచుకున్నాడు. పైడిరాజు పనిలో ఉన్నట్టే ఉండిపోయాడు. తరవాత విశ్వాసం లేచి, అతుకు పొడుగునా వేలితో తడిమి, ఇక్కడ వెల్డింగు మళ్ళీ పడాలి పైడిరాజూ అన్నాడు. ఆపైన రోజూ వెళ్ళాడు. రేడియేటరు, వైర్లు, బ్రేకులు ఒక్కొక్కటీ దగ్గరుండి చేయించాడు. సీట్లకి మార్తమ్మ కొత్త రెక్సిన్ కుట్టింది. ఆర్టీవో ఆఫీసులో బండి కాగితాలు తేలడానికి వానాకాలం గడిచిపోయింది. లైసెన్సు పరీక్షలో ఆమె మొదటిసారి తప్పింది, ఎనిమిది అంకె తిప్పుతూ కర్ర పడగొట్టింది. రెండోసారి పడగొట్టలేదు.

రంగు వేసేటప్పుడు ముందు తెల్లదనం మీద ఎరుపు ఎన్ని పూతలేసినా వెనకదానితో కలవలేదు. ఒక పిసరు లేతగా నిలిచిపోయింది. మొత్తం మళ్ళీ వేద్దామన్నాడు పైడిరాజు. విశ్వాసం వద్దన్నాడు.

2008 ఫిబ్రవరిలో మొదటి పెళ్ళి ఒప్పుకున్నారు. పెళ్ళికూతురు పుష్పలత ఇల్లు లంకలో, చర్చి కైకలూరులో. బండి గుమ్మం ముందాగగానే పుష్పలత తండ్రి లోపలికి వంగి చూసి, డ్రైవరు ఏరండి అన్నాడు. నేనేనండి అంది మార్తమ్మ. ఆయన పక్కసీట్లో ఉన్న విశ్వాసం వంక చూశాడు. విశ్వాసం ఆవిడేనండి అన్నాడు. ఆయన ఇంకా తటపటాయిస్తుంటే, పెళ్ళికూతురి నాయనమ్మ వెనక తలుపు తీసుకుని ముందుగా తనే ఎక్కి కూర్చుంది.

బయలుదేరి మైలు వెళ్ళారో లేదో, చెరువుగట్టు మీద ఎదురుగా ట్రాక్టరు వచ్చింది. వెనక ట్రక్కునిండా చేపల మేత బస్తాలు. గట్టు ఒక్క బండికే సరిపోతుంది. రెండు పక్కలా నీళ్ళు. ట్రక్కుతో ట్రాక్టరు వెనక్కి వెళ్ళడం కుదరదు. ట్రాక్టరు తోలే వెంకట్రాజు దిగి వచ్చి, మర్యాదగానే అన్నాడు, "మీరు దిగండమ్మా, నేను వెనక్కి తీసిపెడతాను. మీవల్ల కాదు."

"తీస్తానండి," అంది మార్తమ్మ. "మీరు కాస్త పక్కకి జరగండి."

అంత పొడుగు బండిని, అంత దూరం, ఆమె ఎన్నడూ రివర్సు చెయ్యలేదు. విశ్వాసానికి ఆ సంగతి బాగా తెలుసు. అతను తలుపు తీసుకుని దిగాడు. చంకకర్ర ఊనుకుంటూ వెళ్ళి, బండి వెనక గట్టుకు నట్టనడుమ నిలబడ్డాడు. బండి జారితే పక్కకు తప్పుకునే కాలు కాదు అతనిది. చెయ్యెత్తి, రమ్మన్నట్టు ఊపాడు.

మార్తమ్మ మెడ తిప్పి, వెనక అద్దంలోంచి అతన్నే చూస్తూ క్లచ్చు వదిలింది. అతను ఒక్కో అడుగూ వెనక్కి వేస్తుంటే బండి ఒక్కో అడుగూ వెళ్ళింది. వెనక టైరు గట్టు అంచు మట్టిని రెండుసార్లు రాల్చింది. రెండుసార్లూ ఆగి, కొంచెం ముందుకు తెచ్చి, మళ్ళీ సరిచేసుకుంది. పుష్పలత కళ్ళు మూసుకుంది. నాయనమ్మ మాత్రం కిటికీలోంచి తల బయటపెట్టి, అటు ఇంకా జానెడుందే, రా రా అని చెబుతూనే ఉంది. రెండు ఫర్లాంగులు అలా వెళ్ళాక గట్టు వెడల్పైనచోట బండిని పక్కకు తీసి నిలిపింది. చేతులు స్టీరింగు మీదనుంచి తియ్యలేదు.

ట్రాక్టరు దాటి వెళ్తూ వెంకట్రాజు సీట్లోంచి చెయ్యి ఊపాడు. విశ్వాసం చెమటలు కక్కుతూ వచ్చి పక్కన కూర్చున్నాడు. బాగా తీశావనలేదు. ఇప్పుడు ఫస్టులోనే పోనీ, గట్టు దాటేదాకా తొందరపడకు అన్నాడు. సరేనంది.

వాళ్ళు చర్చికి చేరేసరికి అరగంట ఆలస్యమైంది. పాస్టరుగారు అప్పటికి సంఘంచేత మూడు పాటలు అదనంగా పాడించి, నాలుగోది ఎత్తుకుంటున్నారు.