కత్తులు మార్చుకునే చట్టం

మా క్వార్టర్ల వెనక జామచెట్టు కింద ఒకప్పుడు ఎల్ఫుల రాజ్యం ఉండేది. రైల్వే లైబ్రరీలో ఏదో బొమ్మల పుస్తకం చూసి, ఆ మొనదేలిన చెవుల వాళ్లను పక్క క్వార్టర్ అక్క మా పెరట్లోకి తెచ్చింది. నాకంటే రెండేళ్లు పెద్ద కాబట్టి రాణి తనే, చట్టాలు చేసేదీ తనే. నన్నడిగితే అన్యాయమే, కానీ నన్నెవరడిగారు?

అట్టముక్కలతో చెవులు కత్తిరించి హెయిర్‌పిన్నులతో జుట్టుకు గుచ్చుకునేవాళ్లం. కత్తులు వాళ్ల నాన్నగారు ప్యాకింగ్ పెట్టెల చెక్కతో చేసిచ్చినవి. ద్వంద్వయుద్ధానికి ముందు ఎదుటి ఎల్ఫుకు మన కత్తిని పిడివైపు అందించాలి. ఆమె మొన చూసి, బాగుందని తిరిగి ఇవ్వాలి. కిందపెట్టిన కత్తిని దాటకూడదు. పెద్దవాళ్ల ఎదుట ఎత్తకూడదు. ముందుగా మూడుసార్లు భుజం తాకినవాళ్లదే గెలుపు. అన్నిటికంటే పెద్ద చట్టం మాత్రం ఇది: యుద్ధం మధ్యలో ఆగితే కత్తులు మార్చుకోవాలి. తన కత్తి కోసమైనా ఎవరైనా మళ్లీ రావాల్సిందే, తప్పించుకోడానికి లేదు.

నేనెప్పుడూ గెలవలేదు. ఓడినప్పుడల్లా చెవులు పీకి పారేసి ఇంట్లోకి పోయేదాన్ని. "దీనికి కోపం ముక్కు మీదే ఉంటాది," అని అక్క నవ్వేది. అది విని నాకు ఇంకా మండేది.

వాళ్ల నాన్నగారికి వైజాగ్ ట్రాన్స్‌ఫర్ అయి, సామాన్లు లారీకి ఎక్కుతున్న రోజున మాత్రం రెండుసార్లు తాకేశాను. ఇంకొక్కటి చాలు. అంతలో వాళ్లమ్మ కేకేసింది. అక్క తన కత్తి నా చేతిలో పెట్టి, నాది తీసుకుని స్టేషన్ రిక్షా ఎక్కేసింది. ఆ కత్తిని దోమతెర కర్రగా వాడదామని అమ్మ ఎంత చూసినా నేను పడనివ్వలేదు. పెళ్లయి ఊళ్లోనే పూరీ గేట్ వైపు కాపురానికి వచ్చినప్పుడు చీరలతో పాటు అదీ వచ్చింది.

మొన్న చలికాలంలో చర్చిలో చుట్టాల పెళ్లికని అక్క వచ్చింది. సాయంత్రమే తిరుగు బండి. ఇన్నేళ్లలో ఫోన్లు తగ్గిపోయి పండగ మెసేజ్‌లే మిగిలాయి. ఆమెకు ఆ కత్తుల సంగతి అసలు గుర్తుంటుందా అన్నదే నా బెంగ. మా వాకిట్లో టోటో రిక్షా దిగి, ఒక చేత్తో చీర కుచ్చిళ్లు, ఇంకో చేత్తో పాత దుప్పటి చుట్టిన పొడుగాటి మూట పట్టుకుని వచ్చింది. నాకు ఏడుపొచ్చేసింది.

"ఏటే ఆ ఏడుపు? ఇంకొక్కటే కదా నీకు మిగిలింది. రా, సూసుకుందాం," అంది.

ఎవరి కత్తి వాళ్లకు పిడివైపు అందించుకున్నాం. మొనలు చూసి బాగున్నాయనుకున్నాం. వాకిట్లో పట్టుచీరల్లో ఇద్దరు ఆడవాళ్లు కర్రలు తిప్పుతుంటే పక్కింటి బెంగాలీ దీదీ గోడ మీంచి చూస్తూ ఉండిపోయింది. కాసేపటికి అక్కకు ఆయాసం వచ్చి చెయ్యి దిగింది. కుడి భుజం నా ఎదురుగా ఉంది. చిన్నప్పటి నుంచి నేను కలగన్న భుజం. తాకితే గెలుస్తాను. తాకితే యుద్ధం అయిపోతుంది, ఎవరి కత్తి వాళ్ల దగ్గరే ఉంటుంది, ఇక మళ్లీ రావాల్సిన పని ఎవరికీ ఉండదు.

"ఆగక్కా! పొయ్యి మీద పాలు పొంగిపోతన్నాయి!" అని అరిచాను.

పొయ్యి మీద ఏమీ లేదు. తెరిచిన తలుపులోంచి అక్కకు అది కనిపిస్తూనే ఉంది.

"అయితే ఈవేళ్టికి యుద్ధం ఆగిపోనాది," అంది, తన కత్తి పిడిని నావైపు తిప్పి.