మా అమ్మ గురించి పది వాక్యాలు

మా ఆఫీసు వరండాను సోమవారం పొద్దున్నే ఫినాయిలుతో తుడుస్తారు. తిరుపతికి ఉద్యోగానికి వచ్చి ఇన్నేళ్లయినా, ఆ వాసన తగిలితే మెట్ల దగ్గర ఒక్క నిమిషం నిలబడిపోతాను. అందరికీ అది ఆసుపత్రి వాసన. నాకు మాత్రం సుగుణమ్మ చీర వాసన. చిత్తూరులో ఆమె మా పక్కింట్లో ఉండేది. పెద్దాసుపత్రిలో ఆయాగా పనిచేసేది. ఎంత ఉతికినా ఆ చీరల్లోంచి ఫినాయిలు పోయేది కాదు. భర్త లేడు, పిల్లలు లేరు. అయిదో తరగతి దాకా చదివానని కొంచెం గర్వంగా చెప్పుకునేది. నేను అత్తా అని పిలిచేదాన్ని.

డెబ్బైల నడుమ, నేను మూడో తరగతిలో ఉండగా మా అమ్మ కామెర్లతో పోయింది. మూడు రోజులు సుగుణమ్మ పనిచేసే పెద్దాసుపత్రిలోనే ఉంది. నన్ను చూడనివ్వలేదు. నాయన మామిడికాయల మండీలో కాటా వేసేవాడు. అమ్మ పోయాక ఇంట్లో ఆమె పేరు ఎత్తడం మానేశాడు. పొద్దున్నే అన్నం వండి, మూతపెట్టి వెళ్లిపోయేవాడు. నేను బడి నుంచి వచ్చి నోటు ముందు పెట్టుకుని కూర్చునేదాన్ని. అక్షరాలు కనబడేవి, చెయ్యి కదిలేది కాదు. ఒకరోజు హోంవర్కు రాయలేదు. మర్నాటికి రెండు రోజులది పేరుకుంది. నాలుగో రోజు అయ్యవారి బెత్తం తలచుకుని, బడికని బయలుదేరి బస్టాండుకు వెళ్లి కూర్చున్నాను. సత్యవేడు బస్సు కోసం చూసేవాళ్ల మూటల మధ్య ఒదిగి కూర్చుంటే ఎవరూ ఏమీ అడగలేదు. అలా వారం గడిచింది.

ఒక మధ్యాహ్నం డ్యూటీ దిగి వస్తున్న సుగుణమ్మ కంటబడ్డాను.

"ఈడేం సేస్తాండావు పాపా?"

ఏడుస్తూనే చెప్పాను, హోంవర్కు రాయలేదని.

"ఎంత మిగిలిపోయిండాది?"

"అంతా."

"అంతా అంటే నాకేం తెలుస్తాది? నోటు తీయి. యాడినుంచి యాడికో వేలు పెట్టి సూపించు."

ఆ సిమెంటు బల్లమీదే వేలు పెట్టి చూపించాను. ఒక పాఠం ప్రశ్నలు, పన్నెండు లెక్కలు. వారం రోజులు నాకు అన్నం సహించకుండా చేసినవి అవే. "ఈపొద్దు మూడు లెక్కలు సేస్తాం. మిగిలినవి మిగల్నీ" అంది సుగుణమ్మ, నా సంచి తన భుజాన వేసుకుని.

అప్పటినుంచి సాయంత్రాలు ఆమె ఇంటి గడపలోనే నా చదువు. తను ఒక్క అక్షరం కూడా రాసిపెట్టేది కాదు. తెలియని లెక్క వస్తే తెలియదనేది. మొదటిరోజు బడి గేటు వరకూ వచ్చి అక్కడే ఆగిపోయింది. "నువ్వే సెప్పు. ఇంతవరకు చేసినాను, మిగతాది రేపు తెస్తాను అని సెప్పు. మీయమ్మ పోయిందని మాత్రం సెప్పొద్దు. ఆ మాట ఎన్నిసార్లని వాడుకుంటావు?" అంది. అలాగే చెప్పాను. అయ్యవారు రెండు దెబ్బలు వేశారు. సాయంత్రం నా అరచెయ్యి తిప్పి చూసి, "రెండే గదా. బస్టాండులో ఎవురూ కొట్టరు, నిజమే. నేర్పించరు గూడా" అంది. అప్పుడు ఆమె మీద కోపం వచ్చింది. మరుసటి రోజు మళ్లీ వెళ్లి గడపలో కూర్చున్నాను.

ఒకసారి అయ్యవారు 'మా అమ్మ' గురించి పది వాక్యాలు రాసుకురమ్మన్నారు. తరగతిలో నేనున్నానన్న సంగతి ఆయనకు గుర్తుండి ఉండదు. మా అమ్మ పేరు ఇదని, మా అమ్మ వంట బాగా చేస్తుందని, నన్ను కొట్టదని మూడు వాక్యాలు రాశాను. అక్కడ ఆగిపోయాను.

"అత్తా, చేస్తుంది అని రాయాలా, చేసేది అని రాయాలా?"

బియ్యంలో రాళ్లేరుతున్న సుగుణమ్మ చెయ్యి ఆగింది. చేట పక్కన పెట్టింది.

"నీకు ఒకమాట సెప్పలా నేను" అంది. "మీయమ్మ పానం పోయిన దినం పొద్దన కండ్లు తెరిసింది. నేను నీళ్లు తాపించినా. 'పాపకు తల దువ్వినారా?' అని అడిగింది."

"నువ్వేం చెప్పినావు?"

"దువ్వినా, రెండు జడలు ఏసినా అని సెప్పినా. సరే అని కండ్లు మూసుకునింది."

అది నాలుగో వాక్యం. తక్కినవి వాటంతటవే వచ్చాయి. మర్నాడు అయ్యవారు నా నోటు చదివి, సంతకం పెట్టి ఇచ్చారు. కాసేపు ఇంకెవరినీ పిలవలేదు. ఆ తర్వాత ఎన్నో ఏళ్లు, పరీక్షల్లో, పెళ్లిలో, ఒంటరిగా ఉన్న చాలా రోజుల్లో, అమ్మ చివరగా తలచుకున్నది నన్నే అన్న ధైర్యంతో గడిపాను.

ఎనభైల చివర సుగుణమ్మ మంచాన పడిందని తెలిసి వెళ్లాను. ఎముకల గూడులా ఉంది. పక్కన కూర్చుని, ఆ మాట నాకెంత ఆసరా అయిందో చెప్పాను. ఆమె గోడవైపు తిరిగింది.

"ఆ మాట మీయమ్మ అన్లేదు పాపా. మూడు దినాలూ కండ్లే తెరవలా. నువ్వు మూడు మాటలు రాసి నాపక్క సూస్తా ఉంటివి. నాకు ఇంకేమీ తోచలా."

"మరి ఇన్నేళ్లూ ఎందుకు చెప్పలేదు?"

"ఎప్పుడని సెప్పేది? నువ్వు దాన్ని పట్టుకుని పెద్దదానివైతివి."

బస్సుకు వేళయిందని లేచి వచ్చేశాను. మళ్లీ ఆదివారం వెళ్దామనుకున్నాను, వెళ్లలేదు. ఆపై ఆదివారమూ వెళ్లలేదు. ఆ వారంలోనే నాయన దగ్గరినుంచి కార్డు వచ్చింది, సుగుణమ్మ పోయిందని.

తర్వాత ఇంటికి వెళ్లినప్పుడు నాయనను అడిగాను, అమ్మ చివర్లో ఏమైనా మాట్లాడిందా అని. తల అడ్డంగా ఊపాడు. కాసేపటికి, "సుగుణమ్మ మూడు దినాలూ ఆ మంచం కాడే ఉండె. డ్యూటీ లేనప్పుడు గూడా" అన్నాడు. అమ్మ గురించి ఆయన నాతో మాట్లాడింది అంతే.

కోపం ఎప్పుడో పోయింది. ఆమెతో ఒక్క మంచిమాటైనా అనకుండా లేచి వచ్చిన సంగతి మాత్రం పోలేదు. మా అమ్మ గొంతు ఎలా ఉండేదో నాకు గుర్తులేదు. పాపకు తల దువ్వినారా అని ఇప్పటికీ ఒక గొంతు వినిపిస్తుంది. అది సుగుణమ్మ గొంతు. తెలిసే, దానికి అమ్మా అని పలుకుతాను.