డాంగ్ అడవిలో మా బావ చిన్నిల్లు

మా బావ రాజలింగానికి యాభై మూడేళ్లు. అందులో ముప్పై ఏళ్లు సూరత్‌లో సాంచాలు, అంటే మరమగ్గాలు, నడపడంతోనే గడిచిపోయాయి. సిరిసిల్ల పక్క పల్లె నుంచి వచ్చిన రోజున తలనిండా జుట్టు, చేతిలో రేకు పెట్టె ఉండేవంటాడు. ఇప్పుడా రెండూ లేవు. ఆస్తి లేదు, చదువు లేదు, నోరు మాత్రం ఉంది. ఆ నోటితో పాడుబడ్డ కోటల గురించి వాటిని తనే కట్టించినట్టు చెబుతాడు.

మేముండేది సూరత్ శివారు అమ్రోలిలో. పని చేసేది సచిన్ అనే ఇంకో శివారులో, ఇద్దరం ఒకే కార్ఖానాలో. వారానికొక రోజు కరెంటు ఆపి సాంచాలకు సెలవిస్తారు. ఆ రోజు నాలాంటి బుద్ధిమంతులు మధ్యాహ్నం దాకా పడుకుని, లేచి కోడికూర తిని, మళ్లీ పడుకుంటారు. మా బావ తెల్లవారేసరికి సంచి భుజాన వేసుకుని డాంగ్ అడవుల వైపు పోయే బస్సెక్కుతాడు. అక్కడ ఏ కొండ మీద కోట గోడ మిగిలి ఉందో, ఏ బండ కింద గుహ ఉందో వెతుక్కుంటూ తిరుగుతాడు. సాయంత్రం చొక్కాకు ముళ్లతో, కాళ్లమీద గీతలతో, కొత్త పెళ్లికొడుకులా వెలిగిపోతూ ఇంటికొస్తాడు.

ఒకసారి నన్నూ తీసుకుపోయాడు. మూడు గంటలు గుట్ట ఎక్కించి ఒక గోడ చూపించాడు. సగం కూలింది, మిగతా సగం కూలడానికి సిద్ధంగా ఉంది. ఇది చూడ్డానికి ఇంత దూరం ఎందుకు, మనం అద్దెకుండే బిల్డింగు చాలదా అన్నాను. ఆ తర్వాత నన్నెప్పుడూ పిలవలేదు. నేనేమీ బాధపడలేదు.

బాధపడింది మా అక్క ఎల్లవ్వ. సెలవు రోజు మొగుడు ఇంట్లో ఉండడు. ఉన్న రోజున ఏం చెప్పినా పలకడు, తల ఊపి ఒక నవ్వు నవ్వుతాడు. బియ్యం అయిపోయాయన్నా అదే నవ్వు, పెద్దమ్మ చచ్చిపోయిందన్నా అదే నవ్వు. రెండేళ్లు ఓపిక పట్టి, చివరికి మా అక్క తేల్చేసింది. ఈయనకు డాంగ్‌లో చిన్నిల్లు ఉంది.

"రాళ్లు చూసెటందుకు ఎవడన్న ఇస్త్రీ అంగి తొడుక్కొని పోతడా తమ్మీ?" అంది.

"అక్కా, బావ మొఖం చూసి ఎవలొస్తరే?" అన్నాను.

"నేను రాలేదా?" అంది.

నవ్వుతూ చెబుతున్నాను గానీ ఆ రోజు అక్క నవ్వలేదు. బట్టలు మూటగట్టుకుని కూర్చుంది. "తిట్టినా కొట్టినా పడుంటుంటి. నాతోని మాట్లాడనోని పక్కన ముసల్దాన్ని కాను" అంది. ఆ మాటకు నాకు నిజంగా భయం వేసింది. మా అక్క మాట మీద నిలబడే మనిషి. వచ్చే సెలవుకు తననూ ఆ కోటకు తీసుకుపోవాలని షరతు పెట్టింది. అక్కడ కోట తప్ప ఇంకేమీ లేకపోతే సరే. ఉంటే మాత్రం అటునుంచి అటే ఊరికి రైలెక్కుతుంది, ఇక రాదు. సాక్షిగా నేనూ వెళ్లాలి.

ఈ కబురు బావకు నేనే చెవిలో అరిచి చెప్పాను. సాంచాల మోతలో బతికినవాళ్లం, మాకు మాట్లాడటమంటే అరవడమే. ఆస్పత్రిలోనైనా, చావింట్లోనైనా అంతే. బావ మొహం మాడిపోయింది.

"ఆమె ఎందుకురా? గుట్ట ఎక్కలేదు" అన్నాడు. అప్పుడు నాకూ అనుమానం పట్టుకుంది.

అక్క మా ఇద్దరికంటే ముందే ఎక్కేసింది. చీర కుచ్చిళ్లు ఎగదోపి, ప్లాస్టిక్ చెప్పులతో, టేకుచెట్ల మధ్య నుంచి వెనక్కి తిరిగి చూడకుండా పోయింది. ఆమెకు దారి చూపిస్తూ నడిచింది కొండకింద పశువులు మేపుకునే ఒక ముసలాయన. డెబ్బై దాటినవాడు. బావకు పాత నేస్తమట. చిన్నిల్లు తాలూకు చుట్టమేమోనని అక్క ఆయన్ని దారిపొడుగునా తనకొచ్చిన హిందీలో ఆరా తీసింది. ఆయన ప్రతి ప్రశ్నకూ తన గేదెల పేర్లు చెప్పాడు.

పైన బావ చెప్పే దర్బారూ లేదు, రాణివాసమూ లేదు. ఒంటికాలి మీద నిలబడ్డ ఒక గుమ్మం, బండలో తొలిచిన నీళ్లతొట్టి, దాని వెనక కొండచరియ కింద చిన్న గుహ. చరియకు చాటలంత తేనెపట్లు నాలుగైదు వేలాడుతున్నాయి. ముసలాయన వాటిని చూపించి, నోటి మీద వేలు పెట్టి, మాట్లాడొద్దన్నాడు. బావ అర్థమైనట్టు తల ఊపాడు. అక్క వైపు వంగాడు. గుసగుసలాడుతున్నానని తను అనుకున్న గొంతుతో "ఎల్లవ్వా, గిదే రాణి తానం చేసిన హౌజు" అన్నాడు.

ఆ గుసగుసకు ముందు కోతులు లేచాయి. తర్వాత తేనెటీగలు లేచాయి.

ముసలాయన మమ్మల్ని గుహలోకి తోసి, తన దుప్పటి అడ్డం పట్టుకుని కూర్చున్నాడు. నన్ను మూడు కుట్టాయి. బావను నున్నటి తలమీదే ఐదు కుట్టాయి. కొంగు కప్పుకున్న అక్కను ఒక్కటి కూడా కుట్టలేదు, నాకైతే అవి భయపడ్డాయనిపించింది. అవి సర్దుకునేదాకా చప్పుడు చేయొద్దని ముసలాయన మళ్లీ సైగ చేశాడు. బావ ఏదో చెప్పబోయాడు. అక్క అరచేత్తో ఆయన నోరు మూసింది. తర్వాత ఆ చెయ్యి పైకెత్తి, వేళ్లు తిప్పడం మొదలుపెట్టింది.

కార్ఖానాలో మోతకు మాట వినపడదు కాబట్టి మేం చేతులతోనే మాట్లాడుకుంటాం. నూలు తెగిందని చెప్పడానికి, సేఠ్ వస్తున్నాడని చెప్పడానికి, ఎవడి పెళ్లాం పుట్టింటికి పోయిందో చెప్పుకోవడానికి, అన్నిటికీ సైగలున్నాయి. పెళ్లయిన కొత్తలో అక్క ఎనిమిదేళ్లు అక్కడే నూలు కండెలు చుట్టింది. ఎప్పుడో మరిచిపోయి ఉంటుందనుకున్నాను. దుప్పటి చిల్లుల్లోంచి పడే వెలుతురులో ఆమె చేతులు గడగడా మాట్లాడాయి.

"ఈడ ఎవలున్నరు?"

"ఎవలు లేరు. రాళ్లే."

"మరి నన్నెందుకు తోల్కరాలె?"

నేను మొహం అటు తిప్పుకోవాల్సింది, తిప్పుకోలేదు. మొగుడూ పెళ్లాల మధ్య మాట నాకెందుకని ఊరుకునే రకం కాదు నేను. బావ రెండు చెవులూ ముట్టుకుని, సాంచ ఆగిపోయిందని చెప్పే సైగ చేశాడు.

"ఎప్పటిసంది?"

"రెండేండ్లాయె. దగ్గరికొచ్చి ఒర్లితే ఏదో ఇంత ఇనవడతది. సేఠ్‌కు తెలిస్తే పని పోతది. నీకు తెలిస్తే ఏడుస్తవు." మళ్లీ చేతులెత్తాడు. "ఇంట్ల నీ నోరు మెదుల్తుంటే సూస్త. ఏమన్నవో తెల్వక నవ్వుత. ఈడ నాతోని ఎవలు మాట్లాడరు. ఈడ నేను చెవిటోన్ని కాదు."

పక్కనే పనిచేస్తూ రెండేళ్లుగా నాకూ తెలియలేదు. ఆ మాట ఒప్పుకోవడానికి ఇప్పటికీ సిగ్గుగా ఉంది. అక్క కళ్లు తుడుచుకోలేదు. నీళ్లు కారిపోతుంటే అలాగే కూర్చుంది. ఆమె మళ్లీ చెయ్యి ఎత్తేసరికి నన్ను ఈగలు కుట్టిన చోట్లు రెండు బాగా వాచిపోయాయి.

"అంటే రెండేండ్ల సంది నేను తిట్టిందంత?"

"ఒక్కటి ఇనలె."

అక్క కొంగుతో ముక్కు చీదుకుంది. బావకు ఎదురుగా జరిగి కూర్చుంది. గాజులు చప్పుడు కాకుండా మోచేతుల పైకి తోసుకుని, రెండు చేతులతోనూ మొదటినుంచి తిట్టడం మొదలుపెట్టింది. బావ రెప్ప వేయకుండా ఆ చేతులవైపే చూస్తూ కూర్చున్నాడు.