బల్కియా ఆపా బేరాలు

చెప్పిన ధరకు వస్తువు కొనడమంటే బల్కియా ఆపాకు ఒంటిమీద తేళ్ళూ జెర్రులూ పాకినట్టుండేది. పుచ్చకాయ కానీ, బస్సు టిక్కెట్టు కానీ, పన్ను పీకే డాక్టరు ఫీజు కానీ, "సగానికిస్తావా?" అనే మాటతోనే ఆవిడ నోరు తెరిచేది. ఒకసారి ఆస్పత్రిలో నర్సు "జ్వరం ముప్ఫై తొమ్మిది డిగ్రీలు ఉంది ఆపా" అంటే, "ముప్ఫై ఎనిమిది రాసుకో, చాల్లే" అన్న మనిషి. ఆవిడ మా ఊరి తరాజ్ బజారులో అడుగు పెట్టిందంటే వర్తకులు ధర రెట్టింపు చేసుకుని సిద్ధంగా కూర్చునేవాళ్ళు. ఆవిడ సగానికి దించేది, గెలిచానని మురిసిపోతూ వెళ్ళేది. ఎవరికీ నష్టం లేదు.

ఊళ్ళో చిన్నా పెద్దా అందరూ ఆవిడను ఆపా అనే పిలిచేవాళ్ళం, పెద్దమ్మా అన్నట్టుగా. ఇంతటి బేరగత్తెకు దొరికిన పని ఏమిటో చూడండి. పిల్లల్ని దత్తు తీసుకోవడానికి పరాయి దేశాల నుంచి వచ్చే దంపతుల కాగితాలు ఆఫీసుల చుట్టూ తిప్పడం! నేను వాళ్ళకు దుబాసీని. ఆవిడ ముందు నడిచేది, వెనక నేను, నా వెనక బిక్కుబిక్కుమంటూ ఆ దంపతులు. అనువాదానికో చోటు, ఆ అనువాదం సరైనదేనని స్టాంపు వేయించడానికి ఇంకో చోటు, ఆ స్టాంపు నిజమైనదేనని మరో స్టాంపుకు మరో చోటు. ప్రతి చోటా రుసుమే.

"పేజీకి మూడొందలు," అన్నాడొకసారి నోటరీ.

"ఇందులో సగం పేజీ ఖాళీయే కదయ్యా! ఖాళీకి కూడా డబ్బులా?"

"ఇది ప్రభుత్వం పెట్టిన రేటు, ఆపా."

"ప్రభుత్వం ఏదీ, ఎక్కడ కూర్చుంది? నాకు నువ్వే కనిపిస్తున్నావు. మీ అమ్మ దగ్గర పదేళ్ళు ఉన్ని కొన్నాను. ఆవిడ నీలా కాదు, మర్యాద తెలిసిన మనిషి."

"ఏమంటోంది?" అని నా చెవిలో అడిగేవారు వచ్చినవాళ్ళు. "మీ తరఫున మాట్లాడుతోంది," అనేదాన్ని. అంతకు మించి అనువాదం చేస్తే నా ఉద్యోగం పోతుంది! ప్రభుత్వ రుసుము ఎలాగూ తగ్గదు. అయినా ఆవిడ ఖాళీ చేతులతో బయటికి వచ్చేది కాదు. నాలుగు జిరాక్సులు ఉచితంగానో, రేపటి పని ఇవాళే చేయిస్తాననే మాటో, ఏదీ లేకపోతే అందరికీ పాల టీయో రాబట్టేది. ఈ బేరాల్లో ఆవిడకు వాటా ఉంటుందని ఊళ్ళో గుసగుసలు. లేకపోతే ఏ ముసలమ్మ అయినా ఎండలో ఇంతలా ఎందుకు తిరుగుతుందని అనేవాళ్ళు.

ఆ ఏడు వేసవిలో ఐర్లండ్ నుంచి ఓర్లా, ఫర్గల్ వచ్చారు. ఫర్గల్ బడి బస్సు నడుపుతాడు. ఆమె వృద్ధాశ్రమంలో వంట చేస్తుంది. ఉన్న కారు అమ్మేసి ఆ డబ్బుతో వచ్చారు. పోలీసుల కాగితం, డాక్టరు కాగితం, ఇల్లు చూసి వెళ్ళినవాళ్ళ కాగితం, ఒక్కోదానికి ఒక్కో గడువు. ఒకటి చేతికొచ్చేలోపు ఇంకొకదానికి కాలం చెల్లిపోయేదట. రెండేళ్ళు అలా పరుగెత్తి పరుగెత్తి, చివరికి అన్నీ ఒక్కసారి బతికి ఉండగా విమానం ఎక్కారు.

వాళ్ళకు చూపించిన పిల్ల తొల్గనాయ్. ఏడాదిన్నర ఉంటుంది. అంతకు ముందు రెండు జంటలు ఆ పిల్లను కావాలనుకుని, రోజూ వచ్చి ఎత్తుకుని ఆడించి, ఏవో కారణాల వల్ల వదిలి వెళ్ళిపోయాయి. దాంతో ఆ పసిది కొత్త మనుషుల్ని చూస్తే నవ్వడం మానేసింది. ఎత్తుకుంటే ఎత్తుకున్నట్టే ఉండేది, దింపితే దింపినట్టే ఉండేది. సాయంత్రం వీళ్ళు వెళ్ళిపోతుంటే మాత్రం తలుపు వంకే చూసేది. ఏడ్చినా బాగుండును, ఏడ్చేది కూడా కాదు. ఓర్లా ప్రతిరోజూ గేటు దాటాక ఏడ్చేది.

ఒక రోజు శిశుగృహం తోటలో ఆపా ఉన్నట్టుండి పిల్లను తన ఒళ్ళో కూర్చోబెట్టుకుంది. "ఈ పిల్ల చేతికి అందినట్టే అంది జారిపోతోంది. దీనికి పాడు దిష్టి పట్టింది. కాగితాలతో పోయేది కాదు. కొనమని చెప్పవే జౌరేష్."

జౌరేష్ అంటే నేనే. మా వైపు పాత ఆచారం ఒకటుంది. పిల్లలు దక్కని ఇంట్లో బిడ్డ పుడితే, ఒక ముసలమ్మ ఆ బిడ్డను తనదిగా తీసుకుని, మళ్ళీ కన్నవాళ్ళకే ఏ కాస్త డబ్బుకో అమ్ముతుంది. అలా కొనుక్కున్న బిడ్డ చేయి జారదని నమ్మకం. నేను వద్దు వద్దంటూనే విషయం చెప్పాను. ఫర్గల్ మారుమాట లేకుండా జేబులోంచి మా దేశపు డబ్బు, యాభై టెంగెల నాణెం తీశాడు.

"యాభయ్యా!" ఆపా ఉగ్రురాలైపోయింది. "దీనికా? ఆ ముక్కు చూడు, తెల్లారిన దగ్గర్నుంచి కారుతూనే ఉంటుంది. క్యారెట్టు పెడితే మొహాన ఉమ్ముతుంది. రాత్రుళ్ళు నిద్రపోదు, పోనివ్వదు. ఇరవై చాలు."

"అమ్మేవాళ్ళు ధర పెంచాలి కదా?" అన్నాడు ఫర్గల్ అయోమయంగా.

"చవక సరుకు మీద ఎవరి కన్నూ పడదని చెప్పు."

"నా కూతురికి ఇరవై ఏమిటి? యాభై!"

"నోరు ముయ్యమను. ఇరవై!"

నా జన్మలో అలాంటి బేరం చూడలేదు. కొనేవాడు పైకి లాగుతున్నాడు, అమ్మేది కిందికి లాగుతోంది, మధ్యలో నేను ఇద్దరి తిట్లూ తర్జుమా చేస్తున్నాను. చివరికి ఇరవైకి తెగింది. ఆపా ఇరవై టెంగెల నాణెం కొంగున కట్టుకుని పిల్లను ఫర్గల్ చేతుల్లో పెట్టింది. తొల్గనాయ్ ఆయన గడ్డం పట్టుకుని లాగింది. ఓర్లా పకపకా నవ్వింది.

వరండాలో నిలబడి మరొకామె ఇదంతా చూసింది, ఆమె మాత్రం నవ్వలేదు. అనాథ పిల్లల బాగోగులు చూసే విద్యాశాఖ నుంచి తనిఖీకి వచ్చిన ఉద్యోగిని, ఊరికి కొత్త. ఆమె కంటికి కనిపించింది ఒక్కటే: ముసలమ్మ విదేశీయుడి దగ్గర డబ్బు పుచ్చుకుంది, పిల్లను ఇచ్చింది.

కోర్టు రోజున ప్రాసిక్యూటరు చేతిలో ఆమె ఫిర్యాదు ఉంది. కుర్రవాడే, కొత్త కోటు, కొత్త మీసం. పిల్ల విషయంలో డబ్బు చేతులు మారిందట, విచారణ జరగాలట, అందాకా దత్తత ఆపాలట. విచారణ అంటే నెలలు. ఆ నెలల్లో ఐర్లండ్ కాగితాలకు కాలం చెల్లుతుంది. మళ్ళీ మొదటి నుంచి చేయించడానికి అమ్ముకోను వాళ్ళకు ఇంకో కారు లేదు. అంటే తొల్గనాయ్‌ను మూడోసారి వదిలేసి వెళ్ళడమే. ఈ సంగతి ఓర్లాకు అనువాదం చేసి చెప్పాల్సింది నేనే. చెప్పాను. ఆమె భర్త చెయ్యి పట్టుకుని కూర్చుంది.

జడ్జిగారు నడివయసు ఆవిడ, కళ్ళద్దాల మీదుగా చూసే రకం. ఆపాను లేచి నిలబడమన్నారు.

"ఆటకు చేశామని చెప్పు, ఆపా. వదిలేస్తారు," అన్నాను కొంగు పట్టుకుని.

"ఆటంటే అమ్మకం చెల్లదే, పిచ్చిదానా!" అని కొంగు విడిపించుకుంది.

"మీరు డబ్బు తీసుకున్నారా?" అన్నారు జడ్జిగారు.

"తీసుకున్నానమ్మా."

"ఎంత?"

"ఇరవై. ఈయన యాభై ఇస్తానని మొండికేశాడు. నేనే సాగనివ్వలేదు."

గుమాస్తా నవ్వాపుకోలేక దగ్గాడు. ప్రాసిక్యూటరుకు మండుకొచ్చింది. "అమ్మడానికి ఆ పిల్ల మీ సొమ్మా?" అన్నాడు.

"అక్కడే వచ్చింది బాబూ చిక్కు," అంది ఆపా, గొంతు తగ్గించి. "అమ్మాలంటే ముందు ఎవరిదో ఒకరిది అయి ఉండాలిగా. ఎవరికీ కాని పిల్లను ఎలా అమ్మను? అందుకని ముందు నా బిడ్డ అనుకున్నాను. ఒళ్ళో పెట్టుకుని, తల నిమిరి, ఇది నాదే అని గట్టిగా అనుకున్నాను. ఆ కాసేపూ నాదే. నిజం చెప్పొద్దూ, అమ్మబుద్ధి కాలేదు."

ఆ మాటలు ఓర్లాకు చెప్పడం నేను రెండుసార్లు మొదలుపెట్టాల్సి వచ్చింది. జడ్జిగారు మంచినీళ్ళ గ్లాసు నా వైపు జరిపారు.

ప్రాసిక్యూటరు కోటు సర్దుకుని ఫర్గల్ వైపు తిరిగాడు. "ఇంతవరకూ ఈవిడకు కూలి ఎంత ఇచ్చారు?"

ఫర్గల్ లేచాడు. "మొదటి వారం మేము ఇస్తామన్నదాంట్లో సగమే తీసుకుంది. రెండో వారం అందులో సగం. నేను ఎంత బేరమాడినా ఓడిపోయాను. పోయిన వారం నుంచి మాకు రోజూ భోజనం కూడా తనే పెడుతోంది."

నేను అనువాదం చేస్తూనే నోరెళ్ళబెట్టాను. ఆపా నేల చూపులు చూస్తోంది, దొంగతనం బయటపడ్డట్టుగా. అప్పుడు శిశుగృహం డాక్టరమ్మ లేచింది. "ఈ పిల్లను మొదట కోరుకున్న జంట డబ్బులైపోయి వెనక్కి వెళ్ళిపోయారమ్మా. వాళ్ళ కాగితాలు తిప్పింది కూడా ఈ ఆపాయే. ఆ రోజు వచ్చి ఉయ్యాల పక్కన చాలాసేపు కూర్చుంది. అప్పటి నుంచే నోటరీలకు ఈవిడ పోరు ఎక్కువైంది."

"ఆ ఇరవై టెంగెలు ఏవి?" అన్నాడు ప్రాసిక్యూటరు. ఈసారి గొంతులో అంత కరుకు లేదు.

"పూస కొని దాని టోపీకి కుట్టాను, దిష్టి తగలకుండా. నలభై చెప్పాడు దొంగవెధవ, ఇరవైకి తెచ్చాను."

"నిజమే, టోపీకి నీలం పూస ఉంది," అంది డాక్టరమ్మ.

అతను ఫిర్యాదు కాగితం మడిచాడు. "మా అన్నయ్యను మా నాయనమ్మ పక్కింటి వాళ్ళ దగ్గర ఒక గొడ్డలిచ్చి కొన్నదట," అన్నాడు. "నాకు అభ్యంతరం లేదు."

జడ్జిగారు తీర్పు చదివారు. తొల్గనాయ్ ఇక ఓర్లా, ఫర్గల్‌ల కూతురు. తీర్పు అమల్లోకి వచ్చేది రెండు వారాల తర్వాత. ఓర్లా రెండు చేతుల్లో మొహం దాచుకుంది. ఫర్గల్ నన్నూ గుమాస్తానూ కలిపి కౌగిలించుకున్నాడు. అంతలో వెనక నుంచి ఒక గొంతు.

"రెండు వారాలు చాలా ఎక్కువమ్మా. ఒక వారం చెయ్యి."

"ఆపా, ఇది కోర్టు!" అన్నారు జడ్జిగారు.

"తెలుసమ్మా, బల్లలు గట్టిగా ఉన్నాయిగా. వీళ్ళు రోజూ గది అద్దె కట్టుకోవాలి. సాయంత్రమయ్యేసరికి ఆ పిల్ల మళ్ళీ తలుపు వంక చూడాలి. ఎందుకది? ఒక వారం."

జడ్జిగారు ప్రాసిక్యూటరు వైపు చూశారు. అతను తలూపాడు. ఆవిడ కలం తీసి ఒక వాక్యం కొట్టేసి, పక్కన ఇంకొకటి రాసి, పైకి చదివారు. "బిడ్డ మేలు కోరి ఈ తీర్పు ఈ రోజు నుంచే అమలు."

"ఈ రోజంటే ఎంత?" అంది ఆపా.

"సున్నా," అన్నాను.

ఆవిడ ముఖం పాలిపోయింది. అడిగినదానికంటే తక్కువకు ఇచ్చినవాళ్ళు ఆవిడ జీవితంలో లేరు. నా చెయ్యి గిల్లింది. "ఇంత తేలిగ్గా వదిలిందంటే ఏదో తిరకాసు ఉందే. ఆ కాగితం ఇంకోసారి చదువు." చదివాను. "మళ్ళీ చదువు." చదివాను. అప్పుడు బల్ల మీద కూలబడి, తలగుడ్డ కొంగు మొహానికి అడ్డం పెట్టుకుంది.

"ఏం ఆపా, ఇంకా తగ్గించమంటావా?" అన్నారు జడ్జిగారు ఫైళ్ళు కట్టుకుంటూ.

"వద్దు తల్లీ, చాలు," అంది కొంగు వెనక నుంచి.

నలుగురం రోడ్డు మీదికి వచ్చి టాక్సీ ఆపాం. "శిశుగృహానికి రెండొందలు," అన్నాడు డ్రైవరు, ఆపాను చూసి భుజాలు సవరించుకుంటూ. మేమంతా ఆగాం, ఎలాగూ కాసేపు పడుతుందని. ఆవిడ తలుపు తీసి ముందు సీట్లో కూర్చుంది.

"ఒంట్లో బాగాలేదా, ఆపా?" అన్నాడు డ్రైవరు భయంగా.

"నీ కబుర్లు తర్వాత, ముందు బండి పోనియ్యవయ్యా. అక్కడ పిల్ల ఎదురుచూస్తోంది."