ఆదోనిలో లేని కార్ఖానా

రియాద్ విమానాశ్రయంలో చక్రాల కుర్చీలో దస్తగిరమ్మ బయటికి వస్తున్నప్పుడు కొడుకు బాబావలి కళ్లు ముందుగా ఆమె ముఖం మీద పడలేదు. ఆమె ఒళ్లో ఉన్న నల్ల కంబళి మీద పడ్డాయి. పక్కనే ఖాదర్ మొహిద్దీన్ నిలబడి ఉన్నాడు. ఒకే కంపెనీ, ఒకే బిల్డింగు, కారు కూడా ఆయనదే. ఆ కంబళి చూసి ఆయన ఏమడుగుతాడోనని బాబావలికి అప్పుడే గుబులు మొదలైంది.

"ఎట్లుండావు నాయనా? చిక్కిపోయినావే!" అంది తల్లి.

"బాగుండానమ్మా. ఆ కంబళి ఇట్లియ్యి, సంచిలో పెడతా."

"ఉండనీరా. ఇమానంలో ఒకటే చలి. ఇదే నన్ను కాపాడింది."

బాబావలిది పత్తికొండ దగ్గర పల్లె. దూదేకుల వాళ్లే అయినా ఆ ఇంట్లో దూది కన్నా ఉన్నే ఎక్కువ. ముత్తాత ఏకే విల్లు భుజాన వేసుకుని కురుబల మందల వెంట తిరిగేవాడు. గొర్రెలకు బొచ్చు కత్తిరించే కాలంలో మంద ఎక్కడుంటే అక్కడికి వెళ్లి ఉన్ని ఏకి, కూలికి జొన్నలు మోసుకొచ్చేవాడు. జేజినాయన కాసింసాబు ఆ తిరుగుడు మానేశాడు. ఉన్ని తనే కొని, ఇంట్లో ఏకించి, కంబళ్లు నేసే ఇళ్లకు అమ్మడం మొదలుపెట్టాడు. ఆయన బతికున్నన్నాళ్లూ ఇంటి ముందు ఉన్ని గుట్టలు గుట్టలుగా పడి ఉండేది. నలుపును, తెలుపును వేరుచేసి ముళ్లూ పేడా ఏరడం ఆడవాళ్ల పని. దస్తగిరమ్మ ఆ ఇంటికి కోడలిగా వచ్చిన మర్నాడే ఆ గుట్ట ముందు కూర్చుంది.

బాబావలి తండ్రి పకీరప్ప చేతికి వ్యాపారం వచ్చేసరికి మిల్లు రగ్గులు సంతలోకి దిగాయి. కంబళి అడిగేవాళ్లు తగ్గిపోయారు. పకీరప్ప ఉన్నిని వదల్లేడు, దానితో బతకనూ లేడు. చివరికి పరుపులు ఏకడానికి, కుట్టడానికి మళ్లీ తన తాత లాగే ఊళ్ల వెంట తిరిగాడు. ఏళ్ల తరబడి నూగు పీల్చి పీల్చి దగ్గు పట్టుకుంది. ఆ దగ్గుతోనే పోయాడు.

బడిలో అయ్యవారికి ఎవరి మీద కోపం వచ్చినా "పింజారి వెధవా" అని తిట్టేవాడు. తిట్టు తిన్నది ఎవరైనా సరే, పిల్లలందరూ తిరిగి బాబావలిని చూసేవాళ్లు. ఇంటికి పోతే, దూదేకుల వాళ్లకున్న అదే పేరుతో తండ్రిని జనం పిలుస్తుంటే ఆయన పలికేవాడు. బాబావలికి అది అసలు మింగుడుపడేది కాదు. తండ్రి ఎదురొస్తుంటే స్నేహితుల ముందు పక్క సందులోకి తిరిగిపోయిన రోజులున్నాయి.

రియాద్ వచ్చిన కొత్తలో, కంపెనీ క్యాంపు మెస్సులో, హైదరాబాదు ఫోర్‌మన్ ఒకడు ఎవరినో అదే మాటతో తిట్టాడు. బల్లల దగ్గర అందరూ నవ్వారు. బాబావలి కూడా నవ్వాడు. ఆ సాయంత్రమే పక్క మంచం మనిషి "మీ ఖాందాన్ ఏమిటి భాయ్?" అని అడిగితే, "ఆదోనిలో మాది తివాచీల కార్ఖానా" అనేశాడు. అన్న తర్వాత భయపడ్డాడు గానీ, ఎవరూ కాదనలేదు. నెమ్మదిగా ఆ కార్ఖానాలోకి పనివాళ్లు వచ్చారు. గుర్రబ్బండి వచ్చింది. ఎవరైనా చూడ్డానికి పోతామంటారేమోనని చివరికి ఆ కార్ఖానాను మాటల్లోనే తగలబెట్టేశాడు కూడా. అప్పటినుంచి జనం "అయ్యో పాపం" అనేవాళ్లు.

స్టోర్ కీపర్ అయ్యాడు, హారా పేటలో ఇల్లు తీసుకున్నాడు, భార్య సుల్తానాను తెచ్చుకున్నాడు. ఆమెదీ డోన్ పక్క దూదేకుల ఇల్లే. కార్ఖానా సంగతి విని మొదట పడిపడి నవ్వింది. తర్వాత, "నన్ను మాత్రం దీంట్లోకి లాగద్దు" అని ఆ మాట వచ్చినప్పుడల్లా వంటింట్లోకి వెళ్లిపోయేది.

శుక్రవారం నమాజు అయ్యాక ఖాదర్ మొహిద్దీన్ ఇంట్లో దావత్ ఇచ్చారు. ఆయన భార్య ఇష్రత్, దస్తగిరమ్మను చేయి పట్టుకుని తీసుకెళ్లి సోఫాలో కూర్చోబెట్టింది. దస్తగిరమ్మకు ఉర్దూ మాట్లాడ్డం రాదు. వాళ్లిళ్లలో తెలుగే మాట్లాడతారు. ఖాదర్ మొహిద్దీన్‌ది హైదరాబాద్ పాతబస్తీ, ఆయనకు తెలుగు రాదు. బాబావలి మధ్యలో కూర్చుని అటు మాట ఇటు, ఇటు మాట అటు చెప్పసాగాడు.

దస్తగిరమ్మ కంబళి తీసి ఇష్రత్ ఒళ్లో పెట్టింది.

"ఇది బాబావలి నాయన ఏకిన ఉన్నితో నేసింది తల్లీ. ఆయప్ప పోయే ముందర కడాకు ఏకింది ఇదే. నలుపంతా నేనే ఏరినా. మా వానికి ఇంత అండగా ఉండారు, మీకే ఇయ్యాలనిపించె."

బాబావలి గొంతు సవరించుకున్నాడు. "మా కార్ఖానాలో పనివాళ్లు చేసింది. కాలిపోగా మిగిలింది ఇదొక్కటే. మీకు ఇవ్వాలని తెచ్చింది" అని ఉర్దూలో చెప్పాడు.

ఇష్రత్ కంబళిని కళ్లకద్దుకుంది. "ఎంతమంది నౌకర్లు ఉండేవాళ్లు ఖాలా?" అని అడిగింది.

"ఊర్లో ఎండలు ఎట్లుండాయని అడుగుతాండాది" అన్నాడు తల్లితో.

దస్తగిరమ్మ కొడుకు వైపు తేరిపార చూసింది. ఉర్దూ మాట్లాడలేదు గానీ, పత్తికొండ సంతలో సాయిబుల కొట్ల ముందు ఎన్నో ఏళ్లు బేరాలాడిన మనిషి. కార్ఖానా, నౌకర్ అన్న మాటలు తెలియకపోలేదు. "ఎండలకేమి, ఎప్పుడూ ఉండేటివే" అంది. ఆ తర్వాత ఏమడిగినా తలాడించిందే తప్ప నోరు విప్పలేదు.

ఇంటికొచ్చి తలుపు వేయగానే అడిగింది. "ఏమిరా, మీ నాయన నౌకర్లను పెట్టుకునుండ్యానా?"

బాబావలికి చెవులు వేడెక్కాయి. "ఈడ మన సంగతి తెలిస్తే మర్యాద ఉండదమ్మా. ఆ పేరు ఈడ తిట్టు."

"ఆడ మాత్రం కాదా? అయినా ఆయప్ప ఆ పేరుతోనే పలికె, ఆ పేరుతోనే నిన్ను సదివించె."

"ఎవరన్నా అడిగితే ఊరికే ఉండు, అంతే. నువ్వేమీ చెప్పొద్దు."

"సరేలేరా" అంది దస్తగిరమ్మ. ఆమె తిట్టి ఉంటే బాగుండేదని అతనికి అనిపించింది.

తర్వాతి వారం రెండిళ్లవాళ్లూ కలిసి బస్సులో ఉమ్రా యాత్రకు బయల్దేరారు. మక్కాలో దస్తగిరమ్మ చిన్నపిల్లలా ఏడ్చింది. కాళ్లు వాచినా కుర్చీ వద్దంది. అక్కడినుంచి మదీనా చేరారు. ఆమె అసలు ఆశంతా అక్కడే. ప్రవక్త సమాధి ముందు నిలబడి సలాం చెప్పుకోవాలని పెళ్లి కాకముందు నుంచీ అనుకుంటున్న మనిషి. ఆ సమాధి పక్కనే ఉన్న రౌజా లోపలికి పోయే పర్మిట్ బాబావలే ఫోన్లో ఎంతో కష్టపడి తీశాడు. ఆ మధ్యాహ్నం సుల్తానా ఆమెను వెంటబెట్టుకుని వెళ్లింది. ఇష్రత్ పర్మిట్ సాయంత్రానికి ఉండటంతో హోటల్లోనే ఆగిపోయింది.

హోటల్ లాబీలో ఆమె బాబావలిని చూసి ఎదురొచ్చింది.

"భాయ్, పొద్దున ఖాలా ఎంత బాగా చెప్పారనుకున్నారు! మన బస్సులో వచ్చిన కర్నూలు ఆవిడ లేదూ, ఆదోనిలో అలాంటి కార్ఖానా నేనెన్నడూ వినలేదే అంది. నలుగురి ముందూ అనేసింది. అప్పుడు ఖాలా లేచి, వచ్చీరాని ఉర్దూలో, కార్ఖానా ఉండింది, నౌకర్లు ఉన్నారు, అంతా కాలిపోయింది అని చేతులు తిప్పుతూ చెప్పారు. ఆవిడ నోరు మూతపడింది."

బాబావలి నవ్వబోయాడు. ముఖం సహకరించలేదు. అతను ఊరుకోమని మాత్రమే చెప్పాడు. ఊరుకుంటే కొడుకు దొరికిపోతాడని ఆమె అబద్ధమాడింది. సంతలో తూకం ఒక పిడికెడు ఎక్కువొచ్చిందని ఎండలో వెనక్కి నడిచివెళ్లి ఇచ్చొచ్చిన మనిషి.

అప్పుడే సుల్తానా తలుపు తోసుకుని వచ్చింది. వెంట దస్తగిరమ్మ లేదు.

"అత్త బయట గొడుగుల కింద కూర్చోనుంది. లోపలికి పోలేదు" అంది.

"వంతు రాలేదా?"

"వచ్చింది. అంతసేపు వరసలో నిలబడి, తీరా వాకిలి దగ్గరికొచ్చినాక పక్కకు జరిగె. నేనెంత బతిమాలినా కదల్లేదు. నువ్వే పోయి అడుగు."

మసీదు ఆవరణలో పెద్ద గొడుగు నీడన దస్తగిరమ్మ ముసుగు సర్దుకుంటూ కూర్చుని ఉంది. బాబావలి ఆమె పక్కన నేల మీద కూలబడ్డాడు.

"ఎందుకమ్మా పోలేదు?"

"ఎట్ల పోయేదిరా? పొద్దునే ఈ ఊర్లో, ఈ నోటితోనే అబద్ధం చెప్తి. మళ్లా ఈ నోటితోనే ఆయనకు సలాం చెప్పమంటావా?"

"నేను చెప్పమన్నానా?"

"నువ్వు చెప్పమనలేదు. కానీ ఆయమ్మ అందరి ముందర నిన్ను అబద్ధాలోడంటాండె. కొడుకును అట్లంటే ఏ తల్లి ఊరుకుంటాది?" మళ్లీ తనే, "మీ నాయనను కూడా నేనే లేకుండా చేస్తినిరా. ఆయన చెయ్యి నౌకర్ల చెయ్యి అయిపాయె" అంది.

ఇన్నేళ్లూ ఎవరైనా కనిపెడతారేమోనన్నదే బాబావలి భయం. కనిపెట్టినా ఇంత సిగ్గు ఉండేది కాదు. పాలరాతి నేల మీద తన పక్కన నడిచిపోతున్న లోకమంతా తననే చూస్తున్నట్టనిపించింది. తల వంచుకుని లేచి హోటల్‌కు నడిచాడు.

ఖాదర్ మొహిద్దీన్, ఇష్రత్ లాబీలోనే టీ తాగుతున్నారు. కర్నూలు ఆవిడ కూడా పక్క సోఫాలో ఉంది. బాబావలి కూర్చోలేదు. "ఆదోనిలో మాకు కార్ఖానా లేదు" అన్నాడు ఉర్దూలో. "ఎప్పుడూ లేదు. మేం పింజారీలం. మా నాన్న ఉన్ని ఏకేవాడు, పరుపులు కుట్టేవాడు. ఆ కంబళిలో ఉన్ని ఆయనే ఏకాడు. మా అమ్మ చెప్పింది నా కోసం చెప్పిన అబద్ధం."

ఇష్రత్ కప్పు కింద పెట్టింది. కర్నూలు ఆవిడ ఆ మాట విననట్టు ఫోన్ చూసుకుంది. ఖాదర్ మొహిద్దీన్ తలెత్తి అతని వైపు చూశాడు.

"మీ నాన్న ఏం పని చేస్తే నాకేంటి బాబావలీ? నిన్ను నేనెప్పుడైనా అడిగానా?" అన్నాడు. "కానీ అంత పెద్దావిడతో, అదీ ఈ గడ్డ మీద అబద్ధం చెప్పించావు చూడు..." మాట పూర్తి చేయకుండా లేచి గదికి వెళ్లిపోయాడు.

బాబావలి పరుగున తల్లి దగ్గరికి వచ్చాడు. "చెప్పేసినానమ్మా. అందరికీ చెప్పేసినా. లే, పోదాం."

ఆమె ముఖం ఒక్క క్షణం వెలిగింది. ఇద్దరూ ద్వారం దగ్గరికి వెళ్లారు. వాకిట్లో కాపలా ఉన్న ఆడమనిషి ఫోన్ చూసి తల అడ్డంగా ఊపింది. ఆ పర్మిట్ సమయం దాటిపోయింది. కొత్తది తీయబోతే దొరకలేదు. ఆ రాత్రి ఇషా నమాజు కాగానే బస్సు బయల్దేరుతుంది. దస్తగిరమ్మ సమాధి మీది పచ్చ గుమ్మటం కనిపించే చోట నిలబడి, బయటినుంచే చేతులెత్తి, తెలుగులో ఏదో చెప్పుకుంది. బాబావలి దూరంగా, వినపడనంత దూరంలో నిలబడ్డాడు.

రియాద్ తిరిగొచ్చాక సంగతి బిల్డింగంతా పాకింది. కొందరు మెట్ల మీద ఎదురైతే ముసిముసిగా నవ్వారు. స్టోర్‌లో ఒకడు అతని వెనక ఆ పాత మాట అన్నాడు. బాబావలి విన్నాడు, ఈసారి నవ్వలేదు. ఇష్రత్ కొన్నాళ్లు పై అంతస్తు నుంచి కిందికి రాలేదు. తర్వాత వచ్చింది గానీ, సుల్తానాతో మాట్లాడి వెళ్లిపోయేది. ఖాదర్ మొహిద్దీన్ సలాంకు సలాం చెబుతాడు. దస్తగిరమ్మను విమానం ఎక్కించడానికి తనే కారు తీశాడు, ఆమె చేతులు కళ్లకద్దుకున్నాడు. బాబావలితో మాత్రం మునుపటిలా లేడు.

మరుసటి ఏడు విజిట్ వీసాలు తీసే రోజులొచ్చాయి. బాబావలి ఊరికి ఫోన్ చేశాడు.

"ఈతూరి రౌజా పర్మిట్ ముందే తీస్తానమ్మా. నువ్వు రా."

"వద్దులే నాయనా. నడవలేను."

"కుర్చీ పెడతారు కదమ్మా."

"కాళ్లు కాదురా" అంది దస్తగిరమ్మ మెల్లగా. "ఆడికొస్తే ఏం మాట్లాడితే నీకు తలవంపులో, ఏం మాట్లాడకుంటే తలవంపులో నాకు తెల్దు. ఈడనే ఉంటా. నువ్వే ఆయనకు సలాం చెప్పు, నా పేరు చెప్పి చెప్పు."

"చెప్తానమ్మా" అన్నాడు బాబావలి. సుల్తానా తలుపు దగ్గర నిలబడి చూస్తోంది. ఆమె వైపు తిరగలేక అతను ఫోన్ పట్టుకుని గోడకేసి అలాగే నిలబడిపోయాడు.