సీటు బెల్టుకు విగ్రహవాక్యం

డచ్చి భాష ఒక్క ముక్క రాని నాకు డచ్చి మాటలు విరిచే పని అప్పగించారు. నవ్వాలో ఏడవాలో తెలియలేదు. జర్మనీ అంచున ఆకెన్‌లోని మా కంపెనీ పిల్లల కారు సీట్లతో వచ్చే సూచనల పుస్తకాలను నానా భాషల్లో తయారుచేస్తుంది. డచ్చివాళ్ళు రెండు మూడు మాటలు అతికించి ఒకే మాట చేస్తారు. అది వరుసలో పట్టదు. ఎక్కడ విరిచి కింది వరుసకు దించాలో చెప్పే ప్రోగ్రామ్ నేను రాయాలి. "అది పూర్తిచెయ్యి, మ్యూనిక్ ఆఫీసుకు పంపిస్తాను" అన్నాడు మా బాస్.

మ్యూనిక్‌లో మా ఆయన, నాలుగేళ్ళ పాప ఉన్నారు. పాపకు అక్కడ పసిపిల్లల బడిలో, అదే కీటాలో, సీటు దొరికింది. ఇక్కడ కీటా సీటంటే మన మెడికల్ సీటుతో సమానం, చేజేతులా ఎవరు వదులుకుంటారు? నేను వేరే ఉద్యోగం వెతికితే ఎవరూ పిలవలేదు. ఉద్యోగంతో ముడిపడిన బ్లూ కార్డు వీసా మీద ఉన్నదాన్ని, ఉన్నది వదిలేసి పోయే ధైర్యం లేదు. నెలకోసారి రైల్లో పడి వెళ్ళడం, పాప నిద్ర లేవకముందే బయల్దేరి రావడం. అంతే నా బతుకు.

మొదటిసారి నాకు తెలిసిన పద్ధతిలోనే చేశాను. తెలుగు అచ్చులో 'శక్తి'ని విరిస్తే 'శ' పైన, 'క్తి' కింద. హల్లు పక్క అక్షరంతో పోతుంది. అదే నియమం డచ్చికీ పెట్టాను. సీటు బెల్టును వాళ్ళు 'ఫైలిఖ్‌హైట్స్‌ఖోర్దెల్' అంటారు. నా ప్రోగ్రామ్ 'ఫైలిఖ్‌హై' పైన ఉంచి, 'ట్స్‌ఖోర్దెల్' కిందికి తోసింది. సరిహద్దు అవతలి నుంచి రోజూ బస్సులో వచ్చే డచ్చి సహోద్యోగిని పడీ పడీ నవ్వింది. "బెల్టు తెంపేశావు!" అంది.

నాకు ఒళ్ళు మండింది. నవ్వడం ఆపి అర్థం చెప్పమన్నాను. మొదటి మాటకు భద్రత, రెండో మాటకు పట్టీ అని చెప్పింది. ఓర్నీ, ఇది సమాసమే కదా! భద్రత యొక్క పట్టీ, షష్ఠీ తత్పురుష. మధ్యలో ఉన్న 'స్' మన 'యొక్క'లాగా ముందు మాటనే పట్టుకుని ఉంటుంది. ముందు అతుకు దగ్గర విరవాలి, అప్పటికీ పట్టకపోతేనే లోపలి అక్షరాల జోలికి పోవాలి. ఆమె అర్థాలు చెప్పింది, నేను పొడుగు మాటలన్నిటికీ విగ్రహవాక్యాలు చెప్పుకుంటూ నియమాలు రాశాను. ఆ రోజుల్లో నిజంగా సంతోషంగా ఉన్నాను.

డచ్చి కస్టమర్ ఒప్పుకున్నాడు. బాస్ కేకు తెచ్చాడు. ముక్క నా చేతిలో పెట్టి, "ఈ పని నీలా చేసేవాళ్ళు ఎవరూ లేరు. డేనిష్, స్వీడిష్ కూడా నీకే. మ్యూనిక్ సంగతి తర్వాత చూద్దాం" అన్నాడు. అందరూ చప్పట్లు కొట్టారు. నేనూ థాంక్స్ అన్నాను. కేకు ముక్క తినకుండా బల్ల మీద పెట్టేశాను.

సాయంత్రం మా ఆయన ఫోన్ చేశాడు. "ఏమాయె? ఎప్పుడొస్తున్నవ్?"

"ఇప్పట్ల పంపరంట."

"గదేంది? పని అయిపోయిందన్నవ్ గదా!"

ఈలోగా పాప ఫోన్ లాక్కుంది. మేం తెలుగులో మాట్లాడితే అది జర్మన్‌లో బదులిస్తుంది. "అమ్మా, నువ్వు పని సరిగ్గా చెయ్యలేదా? అందుకే పంపట్లేదా?" అని అడిగింది.

"మంచిగనే చేసిన బిడ్డా" అన్నాను. "శానా మంచిగ చేసిన."